పగుళ్ళు చూసే మనిషి

ఎనభైల చివర్లో కాలిఫోర్నియాలో మేమున్న ఊరికి భూకంపం వచ్చింది. భయపడ్డవాళ్ళు ఇళ్ళు అమ్మజూపారు, ధైర్యవంతులు బేరాలకు దిగారు. మా ఆయన సివిల్ ఇంజనీరు. అంతవరకూ తెలుగువాళ్ళ పార్టీల్లో ప్లేటు పట్టుకుని ఓ మూల నిలబడేవారు. ఇప్పుడు ప్రతి శనివారం ఫోనే. "బ్రదర్, ఒక్కసారి వచ్చి గోడ చూసిపోండి." ఫీజు ఇడ్లీ, సాంబారు. నేనూ వెంట వెళ్ళేదాన్ని.

అందరికన్నా ముందు పిలిచింది మా తెలుగు బృందంలోని గుండె డాక్టరు గారు. కొండమీద పెద్ద ఇల్లు చూసుకున్నారు. హాల్లో గోడకు సన్నటి పగులు ఉంది.

"ఏజెంట్ వినేలా చెప్పండి, ఫౌండేషన్ పోయిందని. రేటు దిగుతుంది," అని డాక్టరు గారు మా ఆయన చెవిలో అన్నారు.

మా ఆయన గోడ తడిమి, కింద పునాది కూడా చూసి వచ్చి, ఇంగ్లీషులో గట్టిగా, "ఇది పైపై ప్లాస్టరు పగులే. ఇల్లు భేషుగ్గా ఉంది," అన్నారు. ఏజెంటమ్మ ముఖం వెలిగిపోయింది. డాక్టరు గారు ముఖం మాడ్చుకునే ఆ ఇల్లు కొన్నారు.

తర్వాత తమ పాత ఇల్లు అమ్మకానికి పెట్టి, కొనేవాళ్ళు వచ్చి చూసుకునే ఓపెన్ హౌస్ రోజున మళ్ళీ పిలిచారు. ఈసారి ఇడ్లీతోపాటు మైసూర్‌పాక్ కూడా. గరాజ్ గోడకు పైనుంచి కిందిదాకా పగులు. దాని మీద దేవుడి క్యాలెండరు. మా ఆయన టార్చితో నేలకీ చెక్క ఇంటికీ మధ్యనుండే సందులోకి దూరి, బూజు దులుపుకుంటూ బయటికొచ్చారు.

"డాక్టరు గారూ, ఇల్లు పునాది మీంచి జరిగింది. రిపేరు చేయించి అమ్మండి."

"అబ్బే, కొంచెం సెటిల్ అయిందంతే. మనమంతా ఈ దేశం వచ్చింది సెటిల్ అవడానికేగా!" అని నవ్వారాయన.

అంతలో ఇల్లు చూడ్డానికి ఓ తెలుగు జంట వచ్చారు. ఆ అమ్మాయి కడుపుతో ఉంది. "అన్నా, మీరు ఇంజనీరంట గద. తీసుకోమంటరా?" అని అడిగింది.

డాక్టరు గారు మా ఆయన్నే చూస్తున్నారు. మా ఆయన నావైపు చూశారు. నేను తలూపాను.

"రిపేరయ్యేదాకా వద్దమ్మా."

వాళ్ళు వెళ్ళిపోయారు. డాక్టరు గారి భార్య మైసూర్‌పాక్ డబ్బా మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోసేసింది. ఆ చలికాలమంతా మమ్మల్ని ఎవరూ భోజనానికి పిలవలేదు.

కొనేవాళ్ళెవరూ రాక చివరికి డాక్టరు గారు ఇంటిని మళ్ళీ పునాది మీదికి జరిపించి బోల్టులు వేయించారు. ఇల్లు మంచి ధరకే పోయింది. "సేఫ్టీ విషయంలో నేను కాంప్రమైజ్ అవనండీ, పట్టుబట్టి చేయించాను," అని పార్టీలో అందరికీ చెప్పారట. నాకీ సంగతి ఆ రోజు ఇల్లు చూడ్డానికొచ్చిన అమ్మాయే చెప్పింది. వాళ్ళప్పటికి మా కింది అపార్ట్‌మెంట్‌లో అద్దెకు దిగారు. పాపను హాస్పిటల్ నుంచి తెచ్చిన రోజున మా ఆయన ఎవరూ అడక్కుండానే డ్రిల్లు పట్టుకెళ్ళి, ఉయ్యాల పక్కనున్న పుస్తకాల బీరువాను గోడకు బిగించి వచ్చారు.