ఎనిమిది గుండ్ల పిస్తోలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో, నా ఒళ్లోని లైబ్రరీ పుస్తకంలో తుపాకుల బొమ్మలు చూసి పక్కనున్న పెద్దమనిషి అడిగాడు.

"అప్పా, లైసెన్సు వచ్చింది. మద్రాసుకు పోయి పిస్తోలు కొనల్ల. ఇదే మొదలు. చిన్నది మేలా, పెద్దదా?"

చదివిందంతా ఉత్సాహంగా చెప్పాను. పెద్ద సైజు ఆటోమేటిక్ అయితే చేతిలో నిలకడగా ఉంటుందనీ, పిడిలోనే ఎనిమిది గుండ్లు పడతాయనీ, ఒకటి పేలగానే రెండోది దానంతటదే సిద్ధమవుతుందనీ వివరించాను. తర్వాతగానీ ఎవరి భయమని అడగలేదు.

"ముందు సీట్లో ఎర్ర తలగుడ్డ కనపడతాంది సూడు. మా అక్క మొగుడు. చేని గట్టు తగాదా. ఆయప్పను నేనన్నా కాల్చల్ల, నన్ను ఆయప్పన్నా కాల్చల్ల."

నేను పుస్తకం మూసేశాను. ఆయనేమో లేచి, "బావా, తిను" అంటూ అతని దోసిట్లో వేయించిన చెనక్కాయలు పోసి వచ్చాడు.

ఆళ్లగడ్డలో దిగగానే ఆ బావ నన్ను పక్కకు పిలిచాడు.

"అంతా ఇన్నాలేప్పా. నాకూ లైసెన్సుంది. మా బామ్మర్దికి ఎనిమిది గుండ్లది చెప్పినావు గదా, తొమ్మిది పట్టేది యాడన్నా ఉందా?"

అలాంటిది ఉందని నాకు తెలుసు. తెలియదన్నాను. చదివిన విషయం అడిగితే తెలియదనడం నాకు అదే మొదటిసారి.