సమాధి పక్కన సర్వపిండి

చైనాలో చింగ్‌మింగ్ పండుగకు చనిపోయినవాళ్ల సమాధులను శుభ్రం చేస్తారు. నేను టూర్‌లో వెళ్లింది ఆ రోజుల్లోనే. గైడ్ గాలిపటాలు చూద్దాం రమ్మన్నాడు. గాలిపటాలు మా చేవెళ్లలోనూ ఎగురుతాయి, నేను రానన్నాను. ఒక్కదాన్నే కొండెక్కితే, ఒక కుటుంబం సమాధి చుట్టూ గడ్డి పీకి, ఆకుపచ్చటి బియ్యప్పిండి ఉండలు పెట్టి దండం పెట్టుకుంది. తర్వాత అక్కడే కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ వాటిని తింది. నాకూ ఒకటి ఇచ్చారు.

మేము ఈస్టర్ పొద్దున సమాధులకు పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, ప్రార్థన కాగానే ఇంటిదారి పడతాం. ఈసారి నేను కదల్లేదు. మా నాయనమ్మ సమాధి పక్కన చాప పరిచి, సర్వపిండి డబ్బా తెరిచాను.

నాయనమ్మ కొడుకు, చర్చిలో సంఘపెద్ద అయిన మా పెద్దబాపు మండిపడ్డాడు. "గిదేంది బిడ్డా? సచ్చినోళ్లకు తిండి పెడుతున్నవా?"

"పెడ్తలేను, నేనే తింటున్న. మీ అవ్వ బతికినన్నొద్దులు ఇంటికొచ్చినోళ్లను తినకుండ పోనిచ్చిందా?"

"ముందు లెవ్వు ఆడికెల్లి!"

నేను లేవలేదు. కాస్త జరిగి, చాప మీద ఆయనకు చోటు చూపించాను.