పెద్దల వరుసలో పేరు లేని దుబ్బు

సేత్తూరు అంబుజాన్ని ఎరగనోళ్ళు ఆ పక్క ఎవరూ లేరు. రాజపాళయం బస్సులో కండక్టరు కొంచెం విసుక్కున్నాడంటే చాలు, దిగేదాకా వాణ్ణి ఉతికి ఆరేస్తుంది. చోళపురం నుంచి కోడలుగా వచ్చినప్పుడు నోట్లో నాలుక లేని పిల్లంట, నమ్మితే నమ్మండి. ఆ నాలుక నేర్పింది అత్త పాపాత్తి. దాంతో బాటు ఇంకొకటి కూడా ఆమె చేతిలో పెట్టి పోయింది. పెద్దల వరుస.

అదేందో చెప్తాను. వాళ్ళ చేను కొండ కింద ఉంది. చేనికి దిగువ మూల ఒక పల్లం. మార్గళి నెల, అదే ధనుర్మాసం, వచ్చిందంటే కొండ మీది చలి జారి జారి వచ్చి ఆ పల్లంలో నీళ్ళ మాదిరి నిలిచిపోతుంది. తెల్లారి అక్కడ దిగితే మోకాలి దాకా జిల్లుమంటుంది, పైన మామూలుగా ఉంటుంది. బతికినోళ్ళకు పనికిరాని ఆ మూలను ఆ ఇంటోళ్ళు చచ్చినోళ్ళకు ఇచ్చేసినారు. ఇంట్లో పోయిన ఒక్కొక్కరికీ ఒక్కో వరి దుబ్బు. ఆ గింజ తినకూడదు, అమ్మకూడదు. కోసేటప్పుడు పేరు పెట్టి పిలవాల, కొంగు ఒడి పట్టాల, ఆ వడ్లను కుండలో కట్టి అటక మీద పెట్టాల. మరుసటేడు అవే మళ్ళీ అక్కడే నాటాల. ఇంటి పెద్ద ఆడమనిషి తప్ప ఇంకెవరూ కుండ ముట్టకూడదు. వరుసను వేలు చూపి లెక్కపెట్టకూడదు, పేర్లు చెప్పుకుంటూ పోవడమే.

మొగుడు బొమ్మయ్య పోయినప్పుడు ఆ కుండలోని వడ్లతో ఆయన దుబ్బును అంబుజమే నాటింది. ఆయన బతికున్నంత కాలం ఆయన పేరు నోటితో పలకలేదు, పాతకాలం మనిషి కదా. వరుసలో మాత్రం పలకక తప్పదు. మొదటిసారి కోతకు పోయి "బొమ్మయ్యా" అని పిలిచి, సిగ్గుపడి, ఆ తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. "చెప్పిన మాట ఒక్కనాడైనా విన్నావా, ఇక్కడైనా కుదురుగా నిలబడు" అని దుబ్బును తిట్టి ఇంటికి వచ్చింది.

ఈ ఏడు చలి ఎప్పటి మాదిరి పల్లంలో ఆగలేదు. మేరలు దాటి చేలన్నీ కప్పేసింది. వరి పొట్ట మీద, వెన్ను ఇంకా లోపలే ఉన్నప్పుడు పట్టుకునింది. వెన్నులు బయటికి వచ్చినాయి, అందరూ సంతోషపడినారు. కొన్నాళ్ళకు నొక్కి చూస్తే లోపల ఏమీ లేదు, అంతా తాలు. గింజ పడితే వెన్ను వంగుతుంది కదా, ఒక్కటీ వంగలేదు. కొండ కింద చేలన్నీ తలలెత్తుకుని, తెల్లగా, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడినాయి. పిచ్చుకలు కూడా వాలడం మానేసినాయి. ఆ పక్క నడవాలంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

పల్లంలో పెద్దల వరుస మాత్రం గింజ బరువుకి నేల దాకా వంగి ఉంది.

ఊర్లో గుసగుసలు మొదలైనాయి. బతికినోళ్ళ కూడంతా చచ్చినోళ్ళు లాగేసుకున్నారని ఒకరు అంటే, అంబుజం ఏదో చేయించిందని ఇంకొకరు. ఈ మాట ఆ నోటా ఈ నోటా రాజపాళయం చేరి, రాజ్‌మోహన్ చెవిన పడింది. బజారులో మిరపకాయల మండి వాళ్ళబ్బాయి, వ్యవసాయ కాలేజీలో చలికి తట్టుకునే వరి మీద పరిశోధన చేస్తున్నాడు. మరునాడే బైకు వేసుకుని దిగినాడు.

"గింజ అడగనమ్మా. ఒక్కో దుబ్బు నుంచి ఆకు కొస ఇస్తే చాలు" అన్నాడు.

"ఆకైతే గిల్లుకో తంబీ. గింజ మీద చెయ్యి పడిందో, విరిచేస్తాను" అనింది అంబుజం.

అతను ఆకు గిల్లి చిన్న కవర్లలో వేస్తుంటే, ఏది ఎవరో ఆమె చెప్పుకుంటూ వచ్చింది. అతను కవరు మీద రాసుకున్నాడు. చొక్కలింగం. సుందర. అట్లా ఎన్నో తరాల పేర్లు. పాపాత్తి. చివర బొమ్మయ్య. పేర్లు అయిపోయినాయి.

"ఇది ఎవరమ్మా?" అన్నాడు రాజ్‌మోహన్.

బొమ్మయ్య పక్కన ఇంకొక దుబ్బు ఉంది. వరుసంతా వంగి ఉంటే అదొక్కటే నిటారుగా, తెల్లగా, తాలు వెన్నుతో నిలబడి ఉంది. అంబుజం మళ్ళీ మొదటి నుంచి పేర్లు చెప్పింది. మళ్ళీ అదే మిగిలింది. కవరు మీద ఏమీ రాయకుండానే అతను దాని ఆకు కూడా తీసుకుని పోయినాడు.

ఆమెకు ఒక్కటే తోచింది. పెద్దలు ఎవరికో చోటు చూసి పెట్టినారు. ఇంట్లో ఉండేదే ముగ్గురు. తాను పోతే పోనీ, ఏడ్చేవాళ్ళున్నారు. కొడుకు హరికృష్ణన్ అయితే? రోజూ రాజపాళయం మిల్లుకి బైకు మీద పోయే పిల్లోడు. కోడలు మోనిష అయితే? తళవాయిపురం పిల్ల, పెళ్ళై ఏడాది కాలేదు, దీపావళి నెల ఐప్పసిలో పుట్టింటికి పోయి వచ్చినప్పటి నుంచి చిక్కి సగమైంది, అడిగితే ఏమీ లేదత్తా అంటుంది. అంబుజం బైకు తాళం దాచేసింది. కొడుకు పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. "ఏందమ్మా ఇది, బతికే ఉన్నాను" అని వాడు నవ్వితే, "ఆ మాట అనొద్దురా పాడు నోరా" అని అరిచింది.

కడాకు తట్టుకోలేకపోయింది. తెల్లారక ముందే పల్లంలోకి దిగింది. చలి కాళ్ళను పట్టుకున్నట్టే ఉంది. ఎవరో చూస్తున్నారనిపించింది కానీ తల తిప్పలేదు. "నా పిల్లల్ని ఇయ్యను, పోండి" అని ఆ దుబ్బును వేర్లతో సహా పీకేసింది. ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టింది. చిటపటమని క్షణంలో బూడిదైపోయింది.

కోతకు ముందు రాజ్‌మోహన్ మళ్ళీ వచ్చినాడు. మొహం వెలిగిపోతోంది.

"చలిని తట్టుకునేది ఒక్క జన్యువు, అదే జీను, చేసే పని కాదమ్మా. చిన్నవి చాలా కలిసి చేసే పని. చలి కొడితే పొట్టలో పుప్పొడికి తిండి అందదు, అది చస్తుంది, గింజ పట్టదు. ఆ తిండి ఆగకుండా ఒక జీను చూస్తుంది, ఇంకొకటి ఇంకో పని. మామూలు వరిలో ఒకటో రెండో ఉంటాయి. మీ పెద్దల వరుసలో అన్నీ ఒకచోట చేరినాయి. ఆ చలి గుంటలో పట్టిన గింజనే ఏటేటా మళ్ళీ నాటినారు కదా, ఇన్ని తరాలుగా చలే ఏరి పెట్టింది."

"అదంతా ఉండనీ. ఆ చివరిది?"

"అది ఈ వంశమే కాదమ్మా. మీ పైచేని వరి. అందుకే తాలు పోయింది. దానంతట అది అక్కడ మొలవలేదు, ఎవరో నారు తెచ్చి నాటినారు."

అంబుజానికి ఊపిరి వచ్చినట్టయింది. "అబ్బ! మనిషి పనేనా! ఏ దరిద్రుడు నాటినాడో గానీ, పీకి కాల్చేసి మంచిపని చేసినాను" అనింది గట్టిగా.

కాఫీ తెస్తున్న మోనిష గడపలోనే నిలబడిపోయింది.

"కాల్చేసినారా, అత్తా?"

ఆ గొంతు విని రాజ్‌మోహన్ కూడా తలెత్తినాడు. ఏదో అర్థమై, పని ఉందని చెప్పి లేచి పోయినాడు. మోనిష గోడకు ఆనుకుని కూర్చుంది. కడుపు నిలిచిన సంగతి నిలకడగా తెలిసినాక చెప్దామనుకుందంట. చెప్పే లోపలే, ఐప్పసిలో, పుట్టింట్లో కడుపు పోయింది. హరికృష్ణన్‌కు కూడా తెలీదు. "ఈ ఇంట్లో పోయినోళ్ళకు దుబ్బు నాటుతారు కదత్తా. కుండ నేను ముట్టకూడదు. అందుకే పైచేను నారులో ఒకటి తీసుకుని మామ పక్కన పెట్టినాను. ఒక్కటే ఉంటే భయపడుతుందని."

జీవితంలో మొదటిసారి అంబుజానికి ఒక్క తిట్టు కూడా దొరకలేదు. పోయి కోడలి తల తన పొట్టకు అదుముకుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చినారు.

కోత నాడు కోడలిని కూడా పల్లంలోకి పిలుచుకుపోయింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి కోసి, ఒడిలో పట్టిన వెన్నులు మోనిష గంపలో వేసింది. బొమ్మయ్య కూడా అయినాక, పక్కన మట్టి గుంట దగ్గర ఆగింది.

"పేరేమే?"

"పెట్టలేదత్తా. ఆడో మగో కూడా తెలీదు."

"కడుపులో ఉన్నప్పుడు ఏమని పిలుచుకున్నావు?"

"కన్నూ అని."

అంబుజం కొంగు దులిపి, వంగి, ఆ ఖాళీ గుంట మీద ఒడి పట్టింది. "కన్నూ, రామ్మా. అవ్వను, నేను" అని పిలిచింది. గాలి లేదు, పిట్ట లేదు. పిలిచినంతసేపు చలి ఆ ఒడిలోనే ఉన్నట్టుండింది. ఏమీ పడలేదు. అయినా కొంగు మూసి రెండు చేతులతో పట్టుకుని, ఇంటికి వచ్చేదాకా ఆమె దాన్ని వదల్లేదు.