ఆడిమాసంలో ఆగిన దరఖాస్తు

భక్తవత్సలం మద్రాసు చింతాద్రిపేటలో ఒక బ్యాంకు గుమాస్తా. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరి దగ్గరా టీ డబ్బులకైనా చెయ్యి చాచని మనిషి. లోను కాగితాలు ఆయన బల్ల మీదికొస్తే సాయంత్రానికల్లా మేనేజరు గదికి చేరేవి. అంత చురుకైనవాడు ఒక్క దరఖాస్తును మాత్రం ఇరవై మూడు రోజులు సొరుగులో పెట్టుకు కూర్చున్నాడు. అదీ సొంత కూతురిలా చూసుకునే పిల్లది.

ఆ పిల్ల జనని, ఆయన్ని అన్నా అని పిలిచే ఎదురింటి పంకజం కూతురు. భర్త పోయాక పంకజం రవికలు కుట్టి బీఎస్సీ దాకా చదివించింది. తొంభై అయిదులో జననికి ఎంసీఏ సీటొచ్చింది. ఫీజు కట్టే తాహతు లేదు.

"చదువుకి బ్యాంకులో అప్పిస్తారమ్మా. ఆడ నేనుండాను గదా" అని భక్తవత్సలమే ఫారం తెచ్చి, నింపి, సంతకాలు పెట్టించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆడిమాసం పుట్టింది. ఆ నెలలో అరవవాళ్లు శుభకార్యం తలపెట్టరు. మూడు తరాలుగా వాళ్ల మధ్య బతుకుతున్న భక్తవత్సలం ఇంట్లోనూ అంతే, కొత్త చాప కూడా కొనరు. ఊళ్లోవాళ్ల కాగితాలకు ఆయన ఏనాడూ మాసం చూడలేదు. వాళ్లు ఆయనకేమవుతారు గనక! ఇది మన పిల్ల చదువాయె. ఆడి దాటి ఆవణి మాసం పుట్టిన రోజే మేనేజరుకు పంపుదామనుకున్నాడు. కాలేజీవాళ్లు ఏటా గడువు ఓ వారం పొడిగిస్తారులే అని ధీమా.

ఆ ఏడు పొడిగించలేదు. సీటు ఇంకెవరికో పోయింది.

"మా అన్న కాళ్లరిగేలా తిరిగినాడు, ఆ మేనేజరు పాపాత్ముడే అప్పు ఈలేదు" అని పంకజం వీధంతా వినేలా ఏడ్చింది. పాపం, ఆ మేనేజరు దరఖాస్తు మొహమైనా చూడలేదు. భక్తవత్సలం అరుగు మీదే కూర్చుని విన్నాడు. అంత పిరికివాణ్ననుకోలేదని ఆ పూటే తనను తాను తిట్టుకున్నాడు. అయినా నిజం చెప్పలేదు.

జనని ఓ ఎగుమతి కంపెనీలో టైపిస్టుగా చేరింది. పొద్దున ఆమె బస్సుకు బయలుదేరే వేళకు ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. పండగకు పంకజం పంపిన అప్పాలు పక్కింటి పిల్లలకు పంచేసేవాడు.

రెండేళ్లకు జనని మళ్లీ పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. దరఖాస్తుతో తానే బ్యాంకుకొచ్చింది. భక్తవత్సలం దాన్ని బల్ల మీదైనా పెట్టకుండా కొత్త మేనేజరు గదికి మోసుకుపోయాడు. తిరిగొచ్చి జననికి ఎదురుగా కూర్చున్నాడు. ఇక దాచుకోవడం ఆయన వల్ల కాలేదు.

"అమ్మాయ్, అప్పుడు మేనేజరు తప్పు లేదు. ఆడిమాసం దాటనీ అని నీ కాగితం నేనే ఆపినా. నీ రెండేళ్లు నేనే పాడు చేసినా."

జనని తల దించుకుంది.

"తెలుసు మామా. సీటు పోయిన మర్నాడే ఈడికొచ్చి ఆయన్ని అడిగినా. నీ దరఖాస్తే నాకు రాలేదమ్మా అన్నాడు."

"మరి ఇన్నాళ్లూ మీ అమ్మకెందుకు చెప్పలేదు?"

"చెప్తే అమ్మకి అన్న లేకుండా పోతాడు గదా మామా."