స్వెతోమిర్ కొన్న పెద్ద కెమెరా

జాయెచార్ నుంచి నెగోతిన్ వెళ్ళే బస్సు కొండ ఎక్కలేక సగం దారిలో ఆగిపోయింది. ఆగస్టు ఎండ. డ్రైవరు బానెట్ ఎత్తి, లోపలి నుంచి లేచిన ఆవిరిని నాలుగు తిట్లు తిట్టి, "పది నిమిషాలు" అన్నాడు. ఈ తీమొక్ లోయలో పది నిమిషాలంటే చేతిలో సిగరెట్లు అయిపోయేదాకా అని అర్థం. అందరం దిగి ప్లమ్ చెట్ల నీడన చేరాం. ఒక్కాయన మాత్రం దిగలేదు. ఒళ్ళో నల్లసంచి పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నాడు.

"లోపల ఉడికిపోతావు, దిగవయ్యా," డ్రైవరు కేకేశాడు.

"సంచి ఉంది."

"దాన్నీ దింపు. పసిపిల్లాడేమన్నా ఉన్నాడా అందులో?"

"పసిపిల్లాడైతే వేడికి ఏడుస్తాడు, తెలుస్తుంది. ఇది ఏడవదు, ఊరికే చచ్చిపోతుంది."

నా సీసాలో నీళ్ళు మిగిలితే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన తాగి, మూతి తుడుచుకుని, సంచి జిప్పు జానెడు తెరిచి చూపించాడు. కెమెరా. మూలల దగ్గర రంగు అరిగి ఇత్తడి మెరుస్తున్న పాత సరుకు, కానీ దిట్టంగా ఉంది. పేరు స్వెతోమిర్ అని చెప్పాడు. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు. ఇదివరకు పక్కతొట్టి ఉన్న మోటారుసైకిల్ మీద ఊరూరా తిరిగేవాడు. ఆ బండి అమ్మేసి దీన్ని కొన్నాడు. అందుకే బస్సు.

"ఫుల్‌ఫ్రేమ్," అన్నాడు గొంతు తగ్గించి, ఎవరైనా వింటే దిష్టి తగులుతుందన్నట్టు.

కొనడం తేలిగ్గా జరగలేదట. కొత్తగా వచ్చిన పాదిరి గుళ్ళో ఫ్లాష్ వెయ్యనివ్వడు. ఇక్కడి గుళ్ళ కిటికీలు అరచేతంత ఉంటాయి. పాత కెమెరా లోపల బొమ్మ పట్టే సెన్సర్ చిన్నది, ఆ చీకట్లో మొహాల నిండా రవ్వ పోసినట్టు చుక్కలొచ్చేవి. వియన్నాలో పని చేసుకునేవాళ్ళు పెళ్ళిళ్ళకి ఊరొచ్చి, ఫొటోని గోడంత చేసి పెట్టుకుంటారాయె. ఆ చుక్కలు చూసి మొహం చిట్లించి, వచ్చే ఏడు అక్కడి నుంచే ఎవరినైనా తెచ్చుకుంటామనడం మొదలుపెట్టారు.

"నీష్ పట్నంలో కెమెరాల కొట్టుపిల్ల నా ముందు రెండు పెట్టింది. ఒకటి సరికొత్తది, తేలిక, మళ్ళీ చిన్న సెన్సర్‌దే. ఇంకోటి ఎవరో వాడి అమ్మినది, ఇటుకంత బరువు, కానీ ఫుల్‌ఫ్రేమ్, సెన్సర్ పాత ఫిల్మ్ ముక్కంత ఉంటుంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒకటి పట్టుకుని వీధిలోకి వెళ్ళడం, తలుపు నీడలో నిలబడి తియ్యడం, వచ్చి రెండోది పట్టుకోవడం. ఆ పిల్ల విసుక్కోలేదు పాపం. ఫిల్మ్ రోజుల నాటి లెన్సు ఒకటుంది నాకు, దాని మీద ఒట్టు వెయ్యొచ్చు. అది దీనికి అతికింది. దాంతో తేలిపోయింది."

"మరి పిల్లేమంది?"

"'మేస్త్రీ గారూ, ఇన్నాళ్ళూ మీ లెన్సు చూసినదాంట్లో నడిమి ముక్కే మీ కెమెరా ఉంచుకుంది. ఇది అంచులతో సహా మొత్తం ఉంచుకుంటుంది. అలవాటైన చోటు నుంచి రెండడుగులు ముందుకు జరగాలి' అంది. నేను ఫిల్మ్ కడిగేనాటికి నువ్వు పుట్టనేలేదమ్మా, నాకు చెబుతున్నావా అన్నాను."

ఆ తర్వాత, అడక్కుండానే, తన పనిలో అసలు విద్యేమిటో చెప్పాడు.

"ఎవర్ని తియ్యాలో అందరికీ తెలుసు. ఎవర్ని తియ్యకూడదో, ఆ సంగతి వాళ్ళకే తెలియకుండా ఎలా వదిలెయ్యాలో, దానికి నన్ను పిలుస్తారు. విడాకులిచ్చిన అల్లుడు వస్తాడు. పొలం మీద కోర్టుకెక్కిన తమ్ముడొస్తాడు. గుమ్మంలోకొచ్చినవాణ్ణి ఫొటోకి రావద్దంటే తలలు పగులుతాయి. నేను తీసుకెళ్ళి చివర నిలబెడతాను. గడ్డం కొంచెం ఎత్తు బాబూ అంటాను. నవ్వమంటాను, నవ్వుతాడు. ఫొటోలో ఉండడు. ఫిల్మ్ రోజుల్లో ఇంటికొచ్చి అచ్చు వేసేటప్పుడు కత్తిరించేవాణ్ణి. చిన్న సెన్సర్ వచ్చాక ఆ బాధ కూడా లేదు. ఎక్కడ నిలబడితే ఎవరు తెగిపోతారో నా కాళ్ళకే తెలుసు."

"తర్వాత అడగరా?"

"అడుగుతారు. ఏం చెయ్యను, కెమెరా చిన్నది, అందరూ పట్టలేదంటాను. అబద్ధం కాదుగా."

"ఇకమీదట ఆ మాట చెల్లదుగా?"

ఆయన జిప్పు మూసేశాడు. "శనివారం పెళ్ళి ఉంది. దీంతో మొదటి పని. అక్కడా ఒకామె ఉంది, చివర నిలబెట్టవలసిన మనిషి. పెళ్ళికొడుకు తల్లి. వాడు బడికి వెళ్ళే వయసు రాకముందే మొగుణ్ణి వదిలేసి బోర్ పట్నం వెళ్ళి ఇంకొకణ్ణి చేసుకుంది. మొగుడు తాగి తాగి పోయాడు. అత్తగారు స్తనోయ్కా మర్చిపోలేదు. బడి చదువు అయిన రోజు, పద్దెనిమిదో పుట్టినరోజు, అన్నిటికీ వచ్చింది ఆమె. అన్నిటికీ నిలబడింది. కొడుకు పక్కన ఒక్క ఫొటో లేదు."

"పాపం," అన్నాను.

"మా చెల్లెలే," అన్నాడు. "నేను అలా తీశాను గనకే కదయ్యా రానిచ్చారు. లేకపోతే గుమ్మంలోంచే తరిమేవాళ్ళు."

బస్సు కదిలింది. దిగేటప్పుడు, శనివారం వచ్చి భోంచేసి వెళ్ళమన్నాడు. దేశం కాని దేశంలో ముసలాణ్ణయిపోయాక పెళ్ళి భోజనం కాదనే అలవాటు పోయింది నాకు. వెళ్ళాను.

గుళ్ళో కొవ్వొత్తుల మసి పట్టిన గోడ మీద, ఆ గుడి కట్టించిన కుటుంబం బొమ్మ ఉంది. తండ్రి చేతిలో బొమ్మరిల్లంత గుడి. పక్కన భార్య, పిల్లలు. వరసలో చివరి మనిషి ఉండాల్సిన చోట ఉత్త సున్నం. ఎవరో ఎప్పుడో శ్రద్ధగా గీకేశారు. ఇలాంటివి చాలా చూశాను. ఏలినవాళ్ళు మారినప్పుడు, వారసులు తగువుపడ్డప్పుడు, ముందు మొహాలే పోతాయి. గీకినవాడెవడో గాని పాదాలు వదిలేశాడు, ఎర్రజోళ్ళతో సహా. మోకాలి కిందదాకా వంగడం బద్ధకమైందేమో. ఆ జోళ్ళ ముందే దొబ్రీలా నిలబడింది. స్వెతోమిర్ చెల్లెలు ఆమేనని చెప్పక్కర్లేదు, అదే ముక్కు, అదే బుగ్గ గుంట. కొడుకు తల మీద పాదిరి పెళ్ళి కిరీటం పెడుతుంటే దూరం నుంచి మునివేళ్ళ మీద లేచి చూస్తోంది.

బయట మెట్ల మీద అందరి ఫొటో. పెళ్ళిలో పని చేసేవాళ్ళకి ఇక్కడ కట్టినట్టే స్వెతోమిర్ భుజానికీ కుట్టుపని తువ్వాలు కట్టారు. "దొబ్రీలా, నువ్విటు చివరికి రా, ఆ పాప వెనకాల. గడ్డం కొంచెం ఎత్తు," అన్నాడు. వెనక్కి నడిచి, ఎప్పుడూ ఆగే చోటే ఆగాడు, బాదం చెట్టు మొదట్లో. కళ్ళజోడు పెట్టుకున్నవాడికి ఆ పెద్ద కెమెరాకి కన్ను ఆనించే కంతలో నడుమ కనిపిస్తుంది గాని మూలలు కనిపించవు, కన్ను పక్కకి జరిపితే తప్ప. ఆయన జరపలేదు. నొక్కాడు.

నీష్ పిల్ల చెప్పిన రెండడుగుల మాట ఆయన బుర్రలో ఉండే ఉంటుంది. కాళ్ళకి చేరలేదు.

విందు పందిట్లో వియన్నా కుర్రాళ్ళు పెద్ద తెర కట్టారు. కెమెరా లోపలి కార్డు తీసుకెళ్ళి ఫొటోలు అప్పటికప్పుడే వేస్తున్నారు. నూడుల్స్ సూపు వడ్డిస్తుండగా మెట్ల మీది ఫొటో పడింది. గుళ్ళో చీకట్లో తీసినవి కూడా అద్దంలా వచ్చాయని ఎవరో మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు మధ్యలో ఆగిపోయింది. కుడివైపు చివర, పాప భుజాల మీద చేతులు వేసి, దొబ్రీలా. గోడంత. బుగ్గ గుంటతో సహా.

ఆమె లేచి, గిన్నెలు మోసేవాళ్ళ మధ్య నుంచి తోసుకుంటూ వచ్చి, అన్నని బుగ్గల మీద మూడుసార్లు ముద్దుపెట్టుకుంది.

"అన్నయ్యా, నన్ను తీశావు! పెద్ద కెమెరా కొన్నావటగా. అందరూ పట్టాలనే కొన్నావు కదూ? నేనూ పట్టాలనే."

స్వెతోమిర్ తెరవైపు చూశాడు, ప్లేటువైపు చూశాడు. "సూపు చల్లారిపోతుంది, వెళ్ళి తిను," అన్నాడు.

"తింటాలే. నాకొకటి వేసివ్వు. చిన్నదైనా సరే, మంచం పక్కన పెట్టుకుంటాను."

ఆమె అటు వెళ్ళగానే స్తనోయ్కా వచ్చింది. చేతికర్ర నేల మీద ఆనడమే చాలు, బల్ల దగ్గర అందరం తలలు దించుకున్నాం.

"ఏమయ్యా స్వెతోమిర్, కొత్త కెమెరా కొన్నావా, కొత్త మనసు కొన్నావా? ఇన్నేళ్ళూ నోరు తెరిచి చెప్పకుండానే అర్థమయ్యేది నీకు."

"గుళ్ళో చీకటని..."

"మెట్ల మీద చీకటేమిటి? ఎండ మండిపోతుంటేను! శరత్తులో నా మనవరాలి పెళ్ళి. ఈ కుర్రకుంకలు వియన్నా నుంచి ఎవణ్ణో తెస్తామంటున్నారు. మన స్వెతోమిర్ ఉండగా పరాయివాడెందుకు అన్నదాన్ని నేను. అనమంటావా, మానెయ్యమంటావా?"

వెనకాలే పెళ్ళికొడుకు ఓగ్నెన్ వచ్చాడు. మంచి కుర్రాడు, కోటు మీద రోజ్‌మేరీ రెమ్మ, చెవుల దాకా ఎరుపు. మేనమామ చెవి దగ్గర వంగాడు.

"మావయ్యా, ఇంకొకటి తీసెయ్యవా? నాన్నమ్మ ముద్ద ముట్టట్లేదు. అమ్మేమీ అనుకోదులే. ఆవిడకలవాటే."

పెళ్ళిసాక్షి మైకు పట్టుకున్నాడు. "ఎండకి సగంమంది కళ్ళు మూసుకున్నారట! మళ్ళీ తీస్తారు, పదండి పదండి!"

నవ్వుకుంటూ, రకియా సారా గ్లాసులతోనే అందరూ తిరిగి మెట్లెక్కారు. దొబ్రీలాని ఈసారి ఎవరూ చివరికి పిలవలేదు. తనే వెళ్ళి అదే చోట నిలబడింది. పెదాలకి రంగు దిద్దుకుంది, పాప భుజం మీద చెయ్యి వేసింది. "నేను కళ్ళు మూసుకోలేదన్నయ్యా, ఈసారీ ముయ్యను," అని అరిచింది.

స్వెతోమిర్ బాదం చెట్టు దగ్గర నిలబడ్డాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. కెమెరా ఎత్తి, నడుమ చూసి, కన్ను మెల్లగా కుడి మూలకి జరిపాడు. అక్కడే ఉంచాడు. బ్యాండువాళ్ళు ఒక పాట ముగించి ఇంకోటి అందుకోబోతున్నారు. ఉంటాడనుకున్నాను. అక్కడే ఉండిపోతాడని నిజంగానే అనుకున్నాను.

రెండడుగులు ముందుకేశాడు.

నొక్కకముందే దొబ్రీలా నవ్వు ఆగిపోయింది. ఆమె చూస్తున్నది కెమెరాని కాదు, అన్న కాళ్ళని. బడి చదువు అయిన రోజునా, పద్దెనిమిదో పుట్టినరోజునా ఆ కాళ్ళు ఎక్కడెక్కడ ఆగాయో ఇప్పుడు లెక్కకొస్తున్నట్టు చూస్తోంది.

పందిట్లో తెర మీద కొత్త ఫొటో పడింది. చప్పట్లు. స్తనోయ్కా చెంచా అందుకుంది. కుడి అంచున పాప. ఆ పాప భుజం మీద నాలుగు వేళ్ళు మాత్రం మిగిలాయి. ఎవరివో ఎవరూ అడగలేదు.

దొబ్రీలా మా బల్ల దగ్గరికి వచ్చి ఆగింది. ఏడవలేదు.

"కెమెరా పెద్దదే అన్నయ్యా," అంది. "ఇక ఆ మాట చెప్పకు."

తన కుర్చీకి వెళ్ళి, చల్లారిన సూపు ముందు కూర్చుని, తినడం మొదలుపెట్టింది.

మట్టికుండల్లో క్యాబేజీ, పందిమాంసం వచ్చాయి. స్వెతోమిర్ ముందు ఎవరో ప్లేటు నింపారు. ఆయన భుజానికున్న తువ్వాలు ముడి విప్పి, మడత పెట్టి, కుర్చీ వీపు మీద వేశాడు. కెమెరా సంచిలో పెట్టాడు, జిప్పు లాగాడు. "ఎక్కడికి?" అన్నాను. సంచి భుజానికేసుకుని లేచాడు. మేనల్లుడి పక్కనుంచి, చెల్లెలి కుర్చీ వెనక నుంచి, తల తిప్పకుండా పందిరి దాటాడు. బస్సు ఆగేది ఎడమవైపు. ఆయన కుడివైపు, ద్రాక్షతోటల మధ్య దారి పట్టి, సంచి బరువుకి ఒక పక్కకి ఒరిగి నడుచుకుంటూ పోయాడు.