ఎస్టిమేట్‌లో లేని ఖర్చు

మా సారు పోయారు. ఖమ్మం దవాఖానాలో మూడు రోజులుండి, పోయిన ఆదివారం తెల్లవారుజామున కన్నుమూశారని వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. చర్చికి బయలుదేరినదాన్ని, చెప్పులు విడిచి గుమ్మం మెట్టు మీదే కూర్చుండిపోయాను. గ్రామాల మంచినీటి శాఖలో ఇంజనీరుగా నా మొదటి ఉద్యోగం ఆయన కిందే. ఆయన గురించి పేపర్లలో ఎవరూ రాయరు. అందుకే నాకు తెలిసిన నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలనిపించింది.

ఏ ఊరికి వెళ్లినా సారు మొదట ట్యాంకు దగ్గరికి పోయేవారు కాదు. ఏదో ఒక ఇంటి ముందు ఆగి, "అమ్మా, కొన్ని మంచినీళ్లియ్యి" అనేవారు. తాగాక, "యాడి నీళ్లమ్మా ఇవి?" అని అడిగేవారు. మా నల్లా పనిచేస్తోందో లేదో ఆ జవాబులో తెలిసిపోయేది. వాగు ఇసుకలో తవ్విన చెలిమె నీళ్లని చెప్పినా గ్లాసు ఖాళీ చేసే లేచేవారు. ఒకసారి నేను వద్దని సైగ చేస్తే, బయటికొచ్చాక అన్నారు: "ఆమె రోజూ తాగేటియే గద బిడ్డా. నేను ఒక్కనాడు తాగితే ఏమైతది?"

ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక కోయ గూడెం ఉంది. నేను ఉద్యోగంలో చేరకముందే సారు అక్కడ బోరు వేయించి, చిన్న ట్యాంకు కట్టించారు. నేను చేరిన ఏడాది, ఎండలు ముదురుతున్న రోజుల్లో అక్కడ మోటారు కాలిపోయిందని కబురొచ్చింది. మేం వెళ్లేసరికి ఆడవాళ్లు వాగు నుంచి బిందెలతో వస్తున్నారు. వాగు అప్పటికే ఎండిపోయింది. ఇసుకలో గుంటలు తీసి, ఊరిన నీళ్లను చిప్పతో తోడుకుంటున్నారు.

"కాలిపోయి ఎన్నాళ్లయింది?" అని సారు అడిగారు.

"నెల దాటింది."

"మరి జల్దీ చెప్పలేదేంది?"

ఒక ముసలావిడ బిందె దించి ఆయన ముందుకొచ్చింది. "ఎవరికి చెప్పాలె? పెట్టినోళ్లు మీరు. పాడైతే ఎవరికి చెప్పాలెనో, ఎవరు బాగుచెయ్యాలెనో మాకు చెప్పిండ్రా?"

నేనేదో సర్దిచెప్పబోయాను. సారు చెయ్యి అడ్డం పెట్టారు. ట్యాంకు గద్దె మీద కూర్చుని అన్నారు: "అవ్ అమ్మా. ఎస్టిమేట్‌ల బోరు రాసిన, పైపు రాసిన, ట్యాంకు రాసిన. కాలిపోతే ఏంజెయ్యాలెనో రాయలే. తప్పు నాదే."

అంతమందిలో ఒక ఆఫీసరు ఆ మాట అనడం నేను అంతకుముందు వినలేదు.

మర్నాటి నుంచి గూడేనికి రోజూ నీళ్ల ట్యాంకరు పంపిస్తూ, రెండు రోజులకు మీటింగు పెట్టారు. ఆ పక్కనే ఆయిల్‌పామ్ తోట ఉన్న రైతు కూడా వచ్చాడు. వాళ్ల నాన్నకాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. "రేపే కొత్త మోటారు దింపిస్తానండి. పాపం, ఆడాళ్లు ఎండలో నడుస్తున్నారు. దీనికి మీటింగులెందుకండీ?" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అందరి ముఖాలూ వెలిగాయి.

"మీ మనసు మంచిదే. కానీ ఒక్కరి పైసలతోని వద్దండి" అన్నారు సారు.

జనంలో గొణుగుడు మొదలైంది. నాకూ కోపమొచ్చింది. పక్కకు పిలిచి, "ఇంకా ఎన్నాళ్లు ఆగమంటారు సార్ వాళ్లని?" అని అడిగేశాను.

"కోపం రావాలె బిడ్డా. నాకూ భయంగనే ఉంది. కానీ మళ్ల కాలితే? అప్పటికి నువ్వూ నేనూ ఈడ ఉంటమా?" అన్నారు. మళ్లీ జనం దగ్గరికి వచ్చి, "నాకు తోచింది చెప్పిన. మోటారు తీసుకుంటరో లేదో మీ ఇష్టం" అని ఊరుకున్నారు.

ఆ ముసలావిడే ముందుగా మాట్లాడింది. "మోటారు ఆయనదైతే స్విచ్చు గూడ ఆయనదే అయితది. రేపు ఏ మాటన్నా పడి అడుక్కోవాలె." తర్వాత రైతు వైపు తిరిగింది. "కోపం జెయ్యకు అయ్యా. మేమంత తలా ఇన్ని పైసలేస్తం, నువ్వూ మాతోనే ఎయ్యి. నీ పశువులూ ఈ నీళ్లే తాగుతయి గదా, జర ఎక్కువెయ్యి."

రైతు ముఖం ముడుచుకున్నాడు. అంతలోనే నవ్వేశాడు. "సరేనమ్మా, అలాగే కానియ్యండి."

ఆ రోజే లెక్క కుదిరింది. ప్రతి ఇల్లూ నెలనెలా కొంత వెయ్యాలి. చేతిలో పైసల్లేనివాళ్లు కాలువ తీయడమో, పైపు పూడ్చడమో చెయ్యాలి. మోటారు ఆడించడానికి గూడెం ఆడపిల్లను ఒకామెను ఎంచుకున్నారు. కొత్త మోటారులో సగం ఖర్చు కోసం సారు ఆఫీసుల చుట్టూ తిరిగారు. మిగతా సగం గూడేనిది.

ఇదంతా అయ్యేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మధ్యలో రెండు రోజులు ట్యాంకరు రాలేదు. చెలిమె నీళ్లు తాగి ఒక పసిపాపకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. భద్రాచలం తీసుకెళ్లి సెలైన్ పెట్టించాల్సి వచ్చింది. సారు పొద్దంతా ఆ మంచం పక్కనే నిలబడ్డారు. పాప కోలుకుని ఇంటికొచ్చింది. తర్వాత ఎవరైనా ఆ గూడెం గురించి మెచ్చుకుంటే ఆయన సంతోషించేవారు కాదు. "ఆ రెండు రోజులు నేను సూసుకోలే" అనేవారు.

ఆ గూడెంలో ప్రభుత్వం కట్టించిన మరుగుదొడ్లలో అప్పటికి కట్టెలు, కోళ్ల గంపలు ఉండేవి. వచ్చిన ప్రతి అధికారీ తిట్టిపోయేవాడు. సారు తిట్టలేదు. "వాగు నుంచి మోసుకొచ్చిన నీళ్లు దొడ్లె పొయ్యమంటే ఎవరికి మనసొప్పుతది బిడ్డా?" అన్నారు. వాకిట్లో నల్లా నీళ్లు మళ్లీ వచ్చాక, ఆ వానాకాలం లోపే దొడ్లలోని కట్టెలు ఎవరూ చెప్పకుండానే బయటికొచ్చాయి.

ఆయన రిటైరయ్యాక నేను ఎన్నో ఎస్టిమేట్లు రాశాను. ప్రతిదాని చివరా నా చెయ్యి ఒకసారి ఆగుతుంది. పాడైతే ఎవరు, ఎట్లా అన్నది రాశాకే సంతకం పెడతాను. నాకు ఆయన ఇచ్చిపోయింది అదే.

అంత్యక్రియలైన నాలుగో రోజు ఆ గూడేనికి వెళ్లాను. అప్పటి ముసలావిడ ఇప్పుడు లేదు. నేను వెళ్లింది ట్యాంకు కడిగే రోజు. అప్పట్నుంచీ మోటారు ఆడిస్తున్న ఆవిడా, వంతు వచ్చిన ఇంకో ఇద్దరూ నిచ్చెన ఎక్కి లోపలికి దిగారు. కింద నిలబడి సారు పోయారని కేకేసి చెప్పాను. లోపల చీపుళ్ల చప్పుడు ఆగింది. మోటారు ఆడించే ఆవిడ గొంతు ఆ గోడల మధ్య గుమ్మంటూ వినిపించింది: "జర ఆగు మేడమ్. వచ్చినంక కూసొని మాట్లాడుకుందాం. పొద్దుగూకే యాళ్లకు ట్యాంకుకు నీళ్లు ఎక్కాలె."

మళ్లీ చీపుళ్లు కదిలాయి. అడుగు గొట్టం నుంచి కడిగిన నీళ్లు మొదట నాచుపచ్చగా, తర్వాత బూడిదరంగుగా పారాయి. నేను చూస్తుండగానే, అవి కింది గులకరాళ్లు కనిపించేంత తేటబడ్డాయి.