విప్పని జడ

ఎమ్మిగనూరు సందుల్లో గంజి పెట్టిన నూలు ఎండుతున్న పచ్చి వాసన తగిలితే చాలు, నడుస్తూనే పోయినవాటిని కూడుకుంటాను: దూలాలున్న మా బడి వసారా, ఎనిమిది రంగు తాళ్లు, ఊరూరా తిరిగి పిల్లలకు ఆట నేర్పిన ఒక నాట్య కంపెనీ, మా దీనమ్మ. నాలుగో తరగతితో బడి మాని, నూలు చిలపలు ఎంచుతూ లెక్కలు నేర్చుకున్నదాన్ని. అయినా దీనమ్మ దగ్గరికి వచ్చేసరికి ఈ కూడిక ఆగిపోతుంది.

యాభైలలో ఒక ఏడు దసరా దాటినా వాన లేక, సజ్జ చేలు కంకి పట్టకుండానే ఎండి, గాలి లేస్తే ఊరంతా ఎర్రటి దుమ్ము కమ్ముకునే ఆ రోజుల్లో, పత్తి కాలమని ఆదోనిలో రాత్రిపూట ఆటలాడుతున్న కంపెనీ వాళ్లు పగటిపూట మా బడికి వచ్చి ఆడపిల్లలకు జడకోలాటం నేర్పారు. దూలానికి ఇనుప కడియం కట్టి, మగ్గాల ఇళ్లలో మిగిలిన నూలుతో పేనిన తాళ్లు దానికి వేలాడదీసి, తలా ఒక కొస ఎడమచేతికి, ఒక కోల కుడిచేతికి ఇచ్చారు. పాటకు తగ్గట్టు ఒకరి కిందుగా దూరి, ఇంకొకరి పక్కగా తిరుగుతూ పోతే నెత్తిమీద తాళ్లు జడలా అల్లుకుంటాయి. అదే పాటకు వెనక్కి ఆడితే జడ విడిపోతుంది. అల్లిన చెయ్యే విప్పాలని, మధ్యలో చెయ్యి మారకూడదని ఆ కంపెనీ ఆచారం.

నేర్పడానికి వచ్చిన కమలమ్మ మొదటిరోజే మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఏమే, కాళ్లకు గంజి పెట్టినారా, అట్ల బిగుసుకోని నిలబడినారు?"

గోనెగండ్ల దారిలో కూలివాళ్ల గుడిసెల్లో ఉండే నా జతగత్తె దీనమ్మ వెంటనే అందుకుంది. "మా ఇంట్లో తాగేకే సాలదు అక్కా, కాళ్లకు యాడ పెడతారు?"

అందరం పకపకా నవ్వాం. కమలమ్మ నవ్వలేదు. మర్నాటి నుంచి ఆట కాగానే, వేయించిన మిరపకాయ నంజుకోవడానికి పెట్టి, బొరుగుల ఒగ్గాణి అందరికీ విస్తరాకుల్లో పంచేది. దీనమ్మ సగం తిని, సగం పావడ చెరగులో మూటగట్టుకునేది. ఆటలో మాత్రం మా అందరికంటే ఆమె కాలే తేలిక.

విప్పడం నేర్పుతామన్న రోజు పన్నెండు చుట్లు అల్లి, వెనక్కి తిరగబోతుండగా, భుజాన మూటతో దీనమ్మ నాయన వచ్చాడు. కరువు ఏట మా వైపు కూలివాళ్లు గుడిసె మూసి పరాయి ఊళ్లకు పనికి పోవడాన్నే సుగ్గి అంటాం.

"రామ్మా దీనా, సుగ్గికి పోతాండాము. లారీ కాసుకోనుండాది."

"ఒక్క పాట అప్పా, ఇప్పినంక తీస్కపో," అంది కమలమ్మ.

"మేస్త్రి నిలబడడు తల్లీ. ఇప్పుడు ఎక్కకపోతే కాలవ పని మాకు దక్కదు."

దీనమ్మ తన ఎర్ర తాడు కొస నా చేతిలో పెట్టింది. "గట్టిగ పట్టుకోమే. నేను వచ్చినంకనే ఇప్పాల. నువ్వు ఇప్పినావనుకో, సూడు మల్లా!" అని బెదిరించి, నవ్వుతూనే పరుగెత్తింది.

కమలమ్మ కొసలన్నీ గోడ మేకుకు చుట్టి, ఆ పాప వచ్చేదాకా ఎవరూ ముట్టొద్దంది. పత్తి కాలం ముగిసి కంపెనీ వెళ్లిపోయింది. జడ అట్లాగే ఉంది.

ఎండలు ముదిరాక సుగ్గి వాళ్లు తిరిగొచ్చారు. దీనమ్మ రాలేదు. కాలవ గట్టు మీది గుడారాల్లో చలిజ్వరం తగిలి పోయిందట. అక్కడే మట్టి చేశారట. ఒక మధ్యాహ్నం వాళ్ల నాయన బడికి వచ్చి, వసారాలో నిలబడి తలెత్తి చూశాడు.

"పాపా, ఇందులో మా దీనమ్మది యాది?"

ఎర్రది చూపించాను. పైకి పోయేకొద్దీ కనబడి, దాక్కుని, మళ్లీ కనబడే ఆ తాడు వెంట ఆయన చూపు చాలాసేపు తిరిగింది. ఇంటికి తీసుకుపోదామనుకున్నాడేమో, కొస పట్టుకుని మెల్లగా లాగాడు. జడంతా కదిలింది.

"అన్నీ వస్తాండాయే," అని వదిలేసి, చేతులు పంచెకు తుడుచుకుని వెళ్లిపోయాడు.

వసారా కూల్చి మిద్దె వేసినప్పుడు ఆ జడ ఏమైందో ఎవరూ చూడలేదు. కంపెనీ ఏ ఊళ్లో ఆగిపోయిందో చెప్పేవాళ్లు లేరు. మగ్గాల చప్పుడూ సందుసందుకూ తగ్గుతోంది. సుగ్గి లారీలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఆ వేళ అల్లినవి పన్నెండు చుట్లు, విప్పింది ఒక్కటీ లేదు. ఆ పన్నెండూ ఈ రోజుకీ బాకీ.